తను బొమ్మనని తెలిసిన బొమ్మ: కెమెరావైపు తిరిగి ఒక మాట అంటే సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మూడు నిమిషాల యానిమేషన్ చిత్రం చేస్తున్నారు. ఒక పోస్ట్‌మ్యాన్ ఒకే ఒక్క ఉత్తరం పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరుగుతాడు. మధ్యలో ఆగి మనవైపు తిరిగి "నేను బొమ్మనని నాకు తెలుసు" అంటాడు. చూసినవాళ్లు అక్కడ నవ్వుతున్నారు గానీ ఆ తర్వాత పట్టించుకోవడం మానేస్తున్నారు. అదే డాఫీ డక్ బాతు ఉన్న పాత కార్టూన్ చూస్తే చివరిదాకా కళ్లు తిప్పుకోలేకపోతున్నాం, తేడా ఎక్కడుంది, గీసే చెయ్యిని తెరమీద చూపించాలా వద్దా అన్నారు.

చాలా ఏళ్లుగా స్టోరీబోర్డులు, అంటే సినిమా సీన్లని ముందుగా వరసగా వేసుకునే బొమ్మలు, గీస్తూ, కుర్రవాళ్లకి నేర్పుతూ ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా ఇష్టమైనది. కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు మీ కథనే ఒకసారి చూడండి. ఆ మాట అన్నాక పోస్ట్‌మ్యాన్‌కి ఏం మారింది? అంతకుముందు ఉత్తరం ఇవ్వాలి, ఆ తర్వాతా ఇవ్వాలి. తెలియడం వల్ల పని సులువూ కాలేదు, కష్టమూ కాలేదు. ఆ మాట తీసేసినా కథ అలాగే నడుస్తుంది. ప్రేక్షకుడికి ఇది చెప్పక్కర్లేదు, వాడికి తెలిసిపోతుంది. బొమ్మకి తను బొమ్మనని తెలిస్తే, ఆ ఎరుక వెళ్లి దాని కోరికకి తగలాలి. కోరిక తీరడానికి అదొక పనిముట్టు కావాలి, లేదా అడ్డుగోడ కావాలి. గొప్ప ఉదాహరణలన్నిట్లోనూ నాకు కనిపించింది ఇదే.

ఇంకో సంగతి. మనవైపు చూసి మాట్లాడే పాత్రలన్నిటికీ తాము కల్పితమని తెలుసని అనుకోకూడదు. మన బుడుగు మనతోనే నేరుగా మాట్లాడతాడు, తనను తానే పరిచయం చేసుకుంటాడు. కానీ తను ఎవరో రాస్తే పుట్టానని వాడికి ఏ కోశానా అనుమానం లేదు. వాడి మటుకు వాడు నిజం, మనం వాడి మాటలు వినడానికి వచ్చినవాళ్లం. అది ఒక రకం చనువు, అంతే. మీరు చేయాలనుకుంటున్నది దానికంటే ఒక మెట్టు లోపలిది.

ఈ లోపలి మెట్టు యానిమేషన్‌తోపాటే పుట్టింది. విన్సర్ మెకే అమెరికాలో పేరున్న పత్రికా చిత్రకారుడు. 1914లో గెర్టీ అనే డైనోసార్‌ని గీసి, ఆ బొమ్మతో స్టేజీ మీద ప్రదర్శన ఇచ్చేవాడు. తెరమీద బొమ్మ, తెర పక్కన కొరడా పట్టుకుని మనిషి. అతను పిలిస్తే అది రాళ్ల వెనక నుంచి తొంగి చూసి బయటికి వస్తుంది. వంగి నమస్కారం పెట్టమంటే పెడుతుంది. కాలెత్తమంటే ఎత్తుతుంది, ఒక్కోసారి మొండికేస్తుంది. గట్టిగా కసిరితే ఏడుస్తుంది. అతను పండు విసిరినట్టు చేసి చేతిలో దాచుకుంటే అదే క్షణంలో తెరమీద పండు కనిపిస్తుంది, గెర్టీ అందుకుంటుంది. చివర్లో మెకే తెర వెనక్కి నడిచి వెళ్లిపోతాడు. మరుక్షణం గీసిన మెకే తెరమీద ప్రత్యక్షమై దాని వీపెక్కి స్వారీ చేస్తాడు. కదిలే బొమ్మని విడిగా గీసుకునే పారదర్శకమైన పలకల, అంటే సెల్లుల, వాడకం ఇంకా స్థిరపడని రోజులవి. వెనకున్న కొండలూ నీళ్లూ కూడా ప్రతి కాగితం మీదా మళ్లీ మళ్లీ గీయాల్సిందే. అందుకే గెర్టీ కదలకుండా నిలబడ్డప్పుడు కూడా చుట్టూ గీతలు సన్నగా వణుకుతుంటాయి. ఆ వణుకు చూస్తుంటే ఇది గీసిన ప్రపంచమని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అయినా గెర్టీ ఏడిస్తే మనకి బాధేస్తుంది. తనను గీసినవాడి మెప్పు కావాలి దానికి. అదీ కోరిక.

తర్వాత 1918లో మ్యాక్స్ ఫ్లైషర్ అనే యానిమేటర్ మొదలుపెట్టిన కార్టూన్ల వరుసలో కోకో అనే బఫూన్ సిరాబుడ్డిలోంచి బయటికొచ్చి, గీసినవాడితో పేచీ పెట్టుకుని, చివరికి మళ్లీ బుడ్డిలోకి పోతాడు. అక్కడి కోరిక స్వేచ్ఛ. అదే కాలంలో ఫీలిక్స్ పిల్లి తల మీద తేలిన ప్రశ్నార్థకాన్ని పట్టుకుని కొక్కెంలా వాడుకునేది. తన ఆలోచన గుర్తు కూడా గీతే కదా, గీతని పట్టుకోవచ్చు. ఒక్క మాట లేకుండా ఎంత తెలివిగా చెప్పారో చూడండి.

ఇప్పుడు మీరు ప్రస్తావించిన బాతు. మీరు చెబుతున్నది 1953లో వార్నర్ బ్రదర్స్‌కి చక్ జోన్స్ తీసిన 'డక్ అమక్' అయి ఉంటుంది. కథ మైకేల్ మాల్టీస్, గొంతు మెల్ బ్లాంక్. నిడివి ఏడు నిమిషాలకి అటూ ఇటూ. 1999లో అమెరికా ప్రభుత్వం భద్రపరచాల్సిన చిత్రాల జాబితాలో దీన్ని చేర్చింది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి దీన్ని ఒక్కో షాటూ ఆపి చూపిస్తాను.

మొదట డాఫీ కత్తి దూసి వీరుడి వేషంలో వస్తాడు. కత్తి తిప్పుకుంటూ ముందుకి పోతుంటే వెనక గీసిన కోట కాస్తా అయిపోతుంది. ఖాళీ తెల్ల కాగితం. అతను అక్కడ ఏం చేస్తాడన్నది గమనించండి. బెదిరిపోడు. లోకం అంతమైపోయిందనుకోడు. కొంచెం వెనక్కి జరిగి, గొంతు తగ్గించి, సీనరీ ఏదండీ అని గుసగుసగా అడుగుతాడు. నాటకంలో వెనక తెర పడకపోతే నటుడు వింగ్‌లోకి చూసి అడుగుతాడే, అచ్చం అలా. కుంచె వచ్చి పల్లెటూరి పొలం గీస్తుంది. వీరుడి వేషంలో పొలంలోకి వచ్చిన డాఫీ పొరపాటు తెలుసుకుని, ఫ్రేము బయటికి వెళ్లి, రైతు బట్టలు వేసుకుని పాట పాడుకుంటూ వస్తాడు. ఈలోగా పొలం పోయి మంచు వస్తుంది. మళ్లీ వెళ్లి మంచుకి తగ్గ బట్టల్లో స్కీయింగ్ చేసుకుంటూ వస్తాడు. ఈసారి హవాయి.

ఇక్కడ ఆపి ఆలోచించండి. ఆ బట్టలు ఎక్కడివి? ఫ్రేము బయట అతనికి మేకప్ గది ఉందన్నమాట. అంటే డాఫీ తనని తాను నటుడు అనుకుంటున్నాడు. ఇది కార్టూనని అతనికి బాగా తెలుసు. కార్టూన్లలో సీనరీ ఉంటుందయ్యా అని గీసేవాడికి పాఠం కూడా చెబుతాడు. కాంట్రాక్టు ప్రకారం నేను నడుచుకోలేదా అని వాపోతాడు. కానీ తను సిరాతో చేసిన ముక్కనని మాత్రం ఒప్పుకోడు. తెలిసినదానికీ ఒప్పుకోనిదానికీ మధ్యనున్న ఆ సందులోనే ఏడు నిమిషాల సినిమా నడుస్తుంది. డాఫీ కోరిక ఒక్కటే, మర్యాదగా ఒక సినిమాలో నటించాలి. అవతలివాడు దాన్ని జరగనివ్వడు.

ఆ తర్వాత రబ్బరు వచ్చి మొత్తం మనిషినే చెరిపేస్తుంది. ఖాళీ తెరమీద గొంతు మాత్రం వినిపిస్తుంది, నేనెక్కడున్నాను అంటూ. మళ్లీ గీస్తే చేతిలో గిటారు ఉంటుంది, మీటితే శబ్దం రాదు. శబ్దం కావాలని అట్ట మీద రాసి చూపిస్తాడు. శబ్దం వస్తుంది, కానీ గిటారు తీగ మీటితే తుపాకీ మోత, ఇంకోసారి గాడిద ఓండ్ర. చక్ జోన్స్ లెక్క ఎంత ఖచ్చితంగా ఉందంటే, ఒంటిని లాక్కున్నప్పుడు గొంతు వదిలాడు, గొంతు లాక్కున్నప్పుడు ఒంటిని వదిలాడు. ఒంటికి పిచ్చి రంగులు పూసినా, పువ్వు తలకాయతో ఏదో జంతువులా గీసినా అది డాఫీయే. కోపం డాఫీది, ఉక్రోషం డాఫీది. బొమ్మ మారిపోతున్నా మనిషి మారడం లేదు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఫ్రేము జారే ఘట్టం. సినిమా హాల్లో ప్రొజెక్టర్‌లో రీలు సరిగ్గా కూర్చోకపోతే తెర మధ్యలో అడ్డంగా నల్ల గీత పడి, పైన ఒక ఫ్రేములో సగం, కింద ఇంకో ఫ్రేములో సగం కనిపించేవి. ఆ రోజుల ప్రేక్షకులందరూ చూసి విసుక్కున్న విషయమే. ఈ కార్టూన్‌లో అలా జరిగితే పై ఫ్రేములో ఒక డాఫీ, కింది ఫ్రేములో ఇంకో డాఫీ. నువ్వెవడివంటే నువ్వెవడివని ఇద్దరూ దెబ్బలాటకి దిగుతారు. రీలు మీద ఒకే బొమ్మ వేల సార్లు ఉంటుందన్న నిజం పాత్ర ముఖం మీద వచ్చి కొట్టింది. చెప్పలేదు, జరిగింది. మీ పోస్ట్‌మ్యాన్‌కి ఇలాంటిది జరగాలి.

ఈ సాంకేతిక సరదాల్లో ఆ కాలపు మరో కార్టూన్ దర్శకుడు టెక్స్ ఏవరీ ఇంకా ముందున్నాడు. 1943లో అతని తోడేలు పారిపోతూ పారిపోతూ రీలు అంచు చిల్లులు దాటి బయటి తెలుపులోకి జారుకుంటుంది. 1944లో అతని ఉడుత తర్వాతి సీను ఏమిటో చూద్దామని తెర మూల ఎత్తి తొంగి చూస్తుంది. 1948లో వేట సాగుతుండగా ఒక బోర్డు వస్తుంది, టెక్నికలర్, అంటే రంగుల ఫిల్మ్, ఇక్కడితో సమాప్తమని. అది దాటగానే అందరూ నలుపు తెలుపు. 1952లో పాటగాడు పాడుతుంటే తెర కింద ప్రొజెక్టర్‌లో ఇరుక్కున్న వెంట్రుకలాంటిది ఆడుతుంటుంది, అతను పాట ఆపకుండానే దాన్ని పీకి పారేస్తాడు. ఇవన్నీ అద్భుతమైన నవ్వులే. ఒక్కటి గమనించండి, ఆ బొమ్మలకి తమ పరిస్థితి గురించి బాధ లేదు, రీలు కూడా వాటికి రోడ్డులాంటిదే. అందుకని ఒక్కొక్క నవ్వు దేనికది విడిగా ఉంటుంది. మీరు ఈ దారిలో వెళ్లాలంటే మూడు నిమిషాల్లో అలాంటివి బోలెడు కావాలి. ఒక్కదానితో సరిపెట్టలేరు.

రోడ్ రన్నర్ అనే పిట్టని ఎప్పుడూ వెంటాడే నక్కజాతి కొయోటీ సంగతి మధ్యస్థం. అది మాట్లాడదు, బోర్డులు చూపిస్తుంది. 1956 నాటి ఒక చిత్రంలో కొండ మీంచి లోయలోకి పడిపోతూ, నేను నేలకి తగిలేలోపే ఈ కార్టూన్ ముగించెయ్యొచ్చుగా అని బోర్డు తీస్తుంది. తెర గుండ్రంగా మూసుకుపోతుంటే థ్యాంక్యూ అని ఇంకో బోర్డు. చూడండి, కార్టూన్ అని తెలియడం దానికి ఒక్కసారైనా ఎలా పనికొచ్చిందో! ఆ పిట్టని పట్టుకోలేకపోయింది గానీ దెబ్బ తప్పించుకుంది.

ఎరుకని పనిముట్టుగా వాడుకోవడంలో నాకు తెలిసిన అతి గొప్ప ఉదాహరణ మాత్రం కార్టూన్‌లో లేదు, అధ్యాత్మ రామాయణంలో ఉంది. రాముడు అడవికి బయలుదేరుతూ సీతని వద్దంటాడు. ఆమె కారణాలు చెబుతుంది. చివర్లో ఒక మాట అంటుంది: ఎందరో బ్రాహ్మణుల నోట ఎన్నో రామాయణాలు విన్నాను, వాటిలో ఎక్కడైనా సీత లేకుండా రాముడు అడవికి వెళ్లాడా, చెప్పు. అక్కడితో రాముడు ఒప్పుకుంటాడు. తను కథలో ఉన్నానని సీతకి తెలుసు. ఆ తెలివిడిని వాదనలో ఆఖరి బాణంగా వాడి తనకి కావలసింది సాధించుకుంది. మనవైపు తిరిగి చెప్పలేదు, ఎదుటి పాత్రకే చెప్పింది. మీ స్టోరీబోర్డు పక్కన ఈ సన్నివేశం రాసి పెట్టుకోండి.

మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేది ఇంకో రకం. రామాయణం నడుస్తుండగా మధ్యలో దూరి, ఊరి కబుర్లు, మోటు సరసం, ఎదురుగా కూర్చున్నవాళ్ల మీద చెణుకులు. దేవుళ్ల బొమ్మలు కథలోపలే ఉంటాయి, ఈ బొమ్మలు మాత్రం అటూ ఇటూ తిరుగుతాయి. అందరికీ అన్నీ తెలియకూడదన్నది వాళ్ల పద్ధతి. మీ చిత్రంలో కూడా పోస్ట్‌మ్యాన్ ఒక్కడికే తెలియాలి. వీధిలో అందరికీ తెలిస్తే ఎవరికీ తెలియనట్టే.

ఈ ఎరుకలో దుఃఖం కూడా ఉంది, అది మర్చిపోకండి. 'టాయ్ స్టోరీ' యానిమేషన్ సినిమాలో బజ్ అనే ఆటబొమ్మ తను నిజం అంతరిక్ష వీరుడిననే అనుకుంటాడు. టీవీలో తన ప్రకటన తనే చూస్తాడు, ఇది ఎగిరే బొమ్మ కాదని అందులో రాసి ఉంటుంది. నమ్మలేక మెట్ల కమ్మీ ఎక్కి దూకుతాడు, కింద పడి చెయ్యి ఊడిపోతుంది. అతని కోరిక ఎగరడం, తెలిసిన నిజం సరిగ్గా దానికే తగిలింది. అమెరికన్ కామిక్స్‌లో గ్రాంట్ మోరిసన్ రాసిన 'యానిమల్ మ్యాన్' ఇంకా దూరం వెళ్లింది. కుటుంబాన్ని పోగొట్టుకున్న నాయకుడు 1990లో వచ్చిన 26వ సంచికలో తనని రాస్తున్న రచయిత ఎదుటికే వెళ్తాడు. నా భార్యాపిల్లల్ని ఎందుకు చంపావు అన్నది అక్కడ తత్వచర్చ కాదు, తండ్రి నిలదీయడం. చివరికి రచయిత అతని కుటుంబాన్ని అతనికి తిరిగి ఇచ్చేస్తాడు. చదివి చాలా కాలమైనా నన్ను వదలని కథ అది.

ఇక మీ పోస్ట్‌మ్యాన్. పాత సెల్ యానిమేషన్‌లో ఒక సంగతి ఉండేది, ఇప్పటి పిల్లలకి అంతగా తెలియదు. వెనక దృశ్యాలు కాగితం మీద నీటి రంగులతో, నీడలతో నిండుగా వేసేవాళ్లు. కదిలేవాటిని మాత్రం సెల్లు మీద చదునైన రంగుతో నింపేవాళ్లు. అందుకని కొండ మీద పది బండలుంటే ఏది దొర్లబోతోందో ముందే తెలిసిపోయేది, ఆ ఒక్కటీ కాస్త లేతగా, గీత స్పష్టంగా కనిపించేది. అలమరలో ఏ పుస్తకం బయటికి తీస్తారో, గోడకున్న ఏ తలుపు తెరుచుకుంటుందో అంతే. చిన్నప్పుడు మనందరం టీవీ ముందు కూర్చుని ఇది కనిపెట్టినవాళ్లమే.

మీ వీధిని ఆ పద్ధతిలో గీయండి. తలుపులన్నీ బ్యాక్‌గ్రౌండ్‌లో కలిపి నిండు రంగుల్లో వేయండి. ఒక్క తలుపు మాత్రం వేరే లేయర్‌లో, చదునైన రంగులో. పోస్ట్‌మ్యాన్ మొదటి తలుపు కొడతాడు, శబ్దం కాగితం మీద వేలు తట్టినట్టు వస్తుంది. రెండోది తడతాడు, వేళ్లకి తడి రంగు అంటుకుంటుంది. వేళ్లు చూసుకుంటాడు. ఒక్క మాట మాట్లాడడు. వీధి అంతా ఒకసారి చూసి, ఆ చదునైన తలుపు కనిపెట్టి నేరుగా దాని దగ్గరికి నడుస్తాడు. అతనికి తెలిసిందని మనకి తెలిసిపోతుంది, పైగా అది అతనికి పనికొచ్చింది. ఇక్కడ కథని బిగించాలంటే ఉత్తరం మీది చిరునామా ఆ తలుపుది కాకుండా చూడండి. వెళ్లాల్సిన ఇల్లు గీసిన తలుపు వెనక ఉంది, తెరుచుకోదు. తెరుచుకునే తలుపు వేరే వాళ్లది. ఇప్పుడు అతను ఏం చేస్తాడు? మీ సినిమా అసలు ఇక్కడ మొదలవుతుంది. మొదటి నిమిషం ముగిసేసరికి ఇక్కడికి చేరుకోండి.

గీసే చెయ్యి గురించి. 'డక్ అమక్'లో చివరిదాకా పెన్సిలు, కుంచె, రబ్బరు మాత్రమే కనిపిస్తాయి. ఇదంతా ఎవరి పని, బయటికి రా అని డాఫీ అరిచాక ఒక తలుపు గీసి అతని ముఖం మీద మూసేస్తారు, కెమెరా వెనక్కి జరుగుతుంది, బల్ల ముందు కుందేలు బగ్స్ బన్నీ. పాత్రకి తెలియదు, మనకి తెలుస్తుంది, అందుకే అంత బాగా పేలింది. 1955లో అదే జట్టు అదే ఎత్తుగడని బగ్స్ మీద ప్రయోగించింది, చివర్లో గీసేది బగ్స్‌ని ఎప్పుడూ వేటాడే ఎల్మర్ ఫడ్. అది అంతగా పట్టదు. నా ఉద్దేశంలో కారణం బగ్స్ స్వభావమే. అతనికి పరువు పోతుందన్న భయం లేదు, దేనికోసమూ దేవులాడడు. ఆటపట్టించాలంటే దేనికోసమో తాపత్రయపడేవాడు కావాలి. ఒక ఉత్తరం తప్ప ఇంకేమీ లేని మీ పోస్ట్‌మ్యాన్ దీనికి సరిగ్గా సరిపోతాడు.

చెయ్యి చూపించాలనుకుంటే రబ్బరూ పెన్సిలూ వద్దు. అవి వాళ్ల కాలపు బల్ల మీది సామాను. మీరు టాబ్లెట్ మీద పనిచేస్తున్నారు, మీ ప్రేక్షకులూ స్క్రీన్ల ముందు పెరిగినవాళ్లే. వాళ్లకి తెలిసిన పనిముట్టు అన్‌డూ, అంటే చేసిన పనిని వెనక్కి తిప్పేసే మీట. పోస్ట్‌మ్యాన్ ఎలాగో తిప్పలుపడి గీసిన తలుపు కింద సందులోంచి ఉత్తరం లోపలికి తోసేస్తాడు. అన్‌డూ. ఉత్తరం మళ్లీ చేతిలో. మళ్లీ తోస్తాడు, మళ్లీ చేతిలోకి వస్తుంది. మూడోసారి తోయడు, తలెత్తి పైకి చూస్తాడు. మనవైపు చూడక్కర్లేదు, ఫ్రేము పై అంచువైపు చూస్తే చాలు. కర్సర్ ఎక్కడుందో అతనికి తెలుసని అర్థమవుతుంది. ఆ చూపుకి కనీసం ఒక సెకను, అంటే 24 ఫ్రేములు ఇవ్వండి, తొందరపడి కట్ చేయకండి. సంగీతం కూడా అక్కడ ఆపేయండి.

"నేను బొమ్మనని నాకు తెలుసు" అన్న డైలాగు తీసేసి ముందు యానిమాటిక్, అంటే స్టోరీబోర్డు బొమ్మల్ని టైమింగ్‌తో వరసగా కలిపిన ముడి వీడియో, కట్టండి. కథ తెలియని ఇద్దరు ముగ్గురికి శబ్దం లేకుండా చూపించి, ఇతనికి ఏం తెలిసింది అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే తలుపుల రంగుల్లో తేడా చాలలేదని అర్థం, డైలాగు చాలలేదని కాదు. యానిమాటిక్ అయ్యాక ఇక్కడే పెట్టండి, ఆ రెండో నిమిషం టైమింగ్ కలిసి చూద్దాం.